పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట

టీ కాచుట యొక విద్యయని చెప్పినచో చదువరులలో పెక్కురు నవ్వుదురు. మన యిండ్లలో పదేండ్ల పిల్ల పెద్దలను చూచి నేర్చుకొను పని యది. దానికి గురువేల, పాఠమేల? కాని యా పనిని ఒకసారి విడదీసి చూడుడు. గిన్నె తీయవలెను. గ్లాసుతో నీళ్లు కొలిచి పోయవలెను. సిలిండరు మీట త్రిప్పవలెను. ఒక చేత లైటరు, ఒక చేత పొయ్యిమీట పట్టుకొని, ఒకటి నొక్కుచుండగనే రెండవది త్రిప్పవలెను. మంట వచ్చినదో లేదో చూడవలెను. రానిచో మీట కట్టి, కొంత తాళి, మరల మొదలు పెట్టవలెను. పాలపొట్లము మూల నెంత కత్తిరించిన పాలు ఒలుకకుండ వచ్చును, పొంగు పైకి వచ్చునపుడు మంట తగ్గింపవలయునా గిన్నె దింపవలయునా, పట్టకారు గిన్నె నేవైపున పట్టవలెను, వడపోయునపుడు రెండవ చేయి యెక్కడ నుండవలెను, ఇట్లు వ్రాసికొనుచు పోగా, మా యూరి కేంద్రమునందలి ఉపాధ్యాయిని పట్టికలో ఈ పని 31 మెట్లయినది. వీనిలో ఏ మెట్టు తప్పినను టీ రాదు. కొన్ని మెట్లు తప్పినచో ఇల్లు కాలును.

ఆ పట్టికను బట్టి నేర్చుకొనువారు పిల్లలు కారు. ఆ కేంద్రమునకు ఉదయము వచ్చి సాయంకాలమునకు ఇండ్లకు మరలిపోవువారు ఇరువదిమందికి లోపుగ నుందురు. అందఱిలో చిన్నవానికి 19 ఏండ్లు, పెద్దామెకు 46. వీరిది మేధోవైకల్యము. అనగా గ్రహించుటయందును, జ్ఞప్తియందుంచుకొనుటయందును, ఒకచోట నేర్చినదానిని మఱియొకచోట నుపయోగించుటయందును పసితనమునుండియు నున్న మాంద్యము. దీనిని ఉన్మాదముతో కలిపి మాటాడుట మనలో చదువుకొన్నవారికిని అలవాటైయున్నది. ఉన్మాదము నడుమ వచ్చు వ్యాధి. దానికి చికిత్స కలదు. ఇది వ్యాధియు కాదు, మందులతో పోవునదియు కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఇట్టివారు దేశమున సుమారు 15 లక్షల మంది యని వ్రాయబడినది. ఇంటికి లెక్కవ్రాయువారు వచ్చినపుడు లోపలి గదిలో నుంచబడినవారు ఆ సంఖ్యలో చేరియుందురని నేననుకొనను.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఆఱు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు ఉచితముగ చదువు పొందు హక్కును వీరికిచ్చినది. పదునెనిమిది నిండిన పిదప నేమగుదురు? పూర్వము అరుగుమీద కూర్చుండెడివారు. ఇప్పుడు అరుగులు పోయినవి గనుక బాల్కనీలో కూర్చుందురు. తండ్రి కచేరికి పోవును, చెల్లెలు కళాశాలకు పోవును, తల్లి వంటయింటిలో నుండును. ముప్పదియేండ్ల మనుష్యుడు రోడ్డుమీద పోవు బండ్లను చూచుచు దినము పుచ్చును. సికిందరాబాదునందు మనోవికాసనగరమున 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ ఇట్టివారికి బోధించు ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చి, ఏ పనిని ఏ క్రమమున నేర్పవలయునో పుస్తకములు వేయించినది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి పదేండ్లు పైబడినవారికి పగటి కేంద్రములు నడపుటకు 'వికాస్' అను పథకమును కలదు. కాని జిల్లాకేంద్రములు దాటి పోయినచో ఇట్టి కేంద్రము కనబడుట యరుదు. మా యూర నుండుట మా యూరివారి యదృష్టము.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పువాడను. శనివారము మధ్యాహ్నములందు ఆ కేంద్రమునకు పోయి డబ్బు లెక్కలు చెప్పుటలో తోడ్పడుచుందును. విష్ణుశర్మ మందబుద్ధులైన రాజకుమారులు ముగ్గురిని ఆఱు మాసములలో నీతిశాస్త్రపారంగతులను జేసెనని పంచతంత్రమున మనము చదువుకొన్నాము. నాకు తెలిసిన యొక యువకునికి మంట తగ్గించు మెట్టొక్కటి పట్టుబడుటకే ఆఱు మాసములు పట్టినది. కాని యది పట్టుబడినది. ఆ విషయమును రాజకుమారుల కథకంటె నేను ఎక్కువ నమ్మకముతో చెప్పగలను.

నేర్పు పద్ధతి యిట్టిది. మొదట ఉపాధ్యాయిని నేర్చుకొనువాని చేతిమీద చేయి యుంచి పని చేయించును. కొన్ని దినములకు ఆ చేయి మణికట్టునకు జరుగును, పిమ్మట మోచేతికి, పిమ్మట భుజముమీద వ్రేళ్లు మాత్రము తాకియుండును. తరువాత తాకుట పోయి, వ్రేలితో చూపుట మాత్రము మిగులును. దాని తరువాత ఒక మాట. కట్టకడపట ఆమె వెనుకకు జరిగి, గోడకానుకొని, నోరు మూసికొని నిలిచియుండును. ఈ కడపటి మెట్టే మిక్కిలి కష్టము. నేర్చుకొనువానికి కాదు, నేర్పువారికి. మావంటి బడిపంతుళ్లకు మఱియు కష్టము. విద్యార్థి ఒక్క క్షణము తడుముకొన్నచో మాట యందించుట మా వృత్తిలో నిలిచిపోయిన అలవాటు. మార్క్ గోల్డు అను అమెరికా పండితుడు 1970 దశకమున, ఏమియు నేర్వలేరని వదలివేయబడినవారిచేత సైకిలు చక్రపు బ్రేకులోని పదునైదు భాగములను కూర్పించి చూపెను. పని సరిగా జరుగుచున్నంతవఱకు ఉపాధ్యాయుడు మాటాడనక్కఱలేదనియు, మౌనమే 'సరియైనది' యను సమాధానమనియు ఆయన మతము. మన బోధనాశాస్త్ర గ్రంథములలో ఈ మాటకు తగినంత చోటు దొరకలేదు.

కొన్ని పనులలో చివరి మెట్టునే మొదట నేర్పుదురు. ఉపాధ్యాయిని టీ యంతయు తానే కాచి, వడపోసి, కప్పులలోనికి పోయుటొక్కటి విద్యార్థికి విడుచును. అది వచ్చిన పిదప వడపోయుట; దానికి ముందు దించుట. ఇట్లు వెనుకనుండి ముందునకు నడచుటవలన ప్రతిదినము ఆతని చేతిమీదుగనే పని పూర్తియగును. తాను చేసిన టీని తానే త్రాగును. మొదటి మెట్టుతో ప్రారంభించి నడుమ విడిచిపెట్టుటలో ఆ తృప్తి లేదు.

ఇక ఎక్కడ నేర్పవలయునన్నది వేఱు ప్రశ్న. ఫ్రాన్సుదేశమున అడవిలో దొరికిన బాలునికి ఇటార్ అను వైద్యుడు 1801 ప్రాంతమున చదువు చెప్పబూనెను. ఆయన శిష్యుడు సెగిన్ ఆ మార్గమును పెంచెను. వారిరువురి గ్రంథములను చదివి, రోమునగరమున మందబుద్ధులైన పిల్లలకు చెప్పిన మీదటనే మాంటిసోరీ తన పద్ధతిని సామాన్యబాలురకు విస్తరింపజేసెను. ఆమె 1939లో మదరాసునకు వచ్చి అడయారునందు ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిన సంగతి మనలో పలువురెఱుగుదురు. అనగా నేడు ధనికుల పిల్లలు చదువు బడులలోని పరికరములు ఒకప్పుడు వీరికొఱకు పుట్టినవే. ఆ పరికరములలో గుండీలు పెట్టుట నేర్పు కొయ్యచట్ర మొకటి. ఒక వ్యక్తి తొమ్మిదేండ్లపాటు వేఱొక బడిలో ఆ చట్రముమీద గుండీలు పెట్టి, కేంద్రమునకు వచ్చు నాటికి దానియందు ప్రవీణుడైయుండెను. తన చొక్కాకు మాత్రము తల్లియే గుండీలు పెట్టవలసి యుండెను. చట్రము ఎదుటనుండును, చొక్కా ఒంటిమీద నుండును. చేతులు తిరుగు దిక్కు వేఱు, చూపు పోవు దిక్కు వేఱు. మనకు అది రెండు నిమిషముల సర్దుబాటు. ఆతనికి అది మఱియొక విద్య. ఉపాధ్యాయిని చట్రమును బీరువాలో పెట్టించి, ప్రతిదినము ఆతడు వచ్చిన వెంటనే చొక్కా విప్పించి, మరల తొడుగుకొనజేసెను. మూడు నెలలు పట్టెను.

పని జరుగు చోటనే, జరుగు వేళకే, నిజమైన వస్తువుతోనే నేర్పవలెనని దీనివలన తేలుచున్నది. అట్లు చేయక, కాగితపు కవర్లు అంటించుట, పూసలు గ్రుచ్చుట, రంగు ప్రమిదలు చేయుట మొదలగువానితో దినము నింపు కేంద్రములు కలవు. దాతలు వచ్చినపుడు చూపుటకు అవి బాగుండును. దీపావళికి బంధువులు నాలుగు ప్రమిదలు కొందురు. దినమునకు రెండు గంటలు ప్రమిదలకు రంగు వేయుచు, మూత్రశాల తలుపు గడియ పెట్టుకొనుట తెలియని వానికి మనము నేర్పినదేమి?

డబ్బు సంగతి నాకు స్వయముగ తెలిసినది గనుక కొంత వివరించెదను. లెక్క రానివానికి నోట్లను రంగును బట్టి నేర్పుట మొదటి యుపాయము. 2016 తరువాత వచ్చిన నోట్లు ఇందునకు కొంత అనుకూలించినవి: పది గోధుమరంగు, ఇరువది పసుపుపచ్చ, యాబది నీలము, నూఱు లేత ఊదా, ఇన్నూఱు నిండు పసుపు, ఐదువందలు బూడిదరంగు. కాని పాత ఇరువది ఎఱుపుచాయ గలది. అదియు చెల్లుచునే యున్నది. కొత్త ఇరువదిని ఇన్నూఱని పొరపడుటయు, ఇన్నూటిని ఇరువదియని ఇచ్చివేయుటయు మామూలు. కావున బొమ్మ నోట్లతో నేర్పిన పాఠము బజారునకు పోగానే చెదరిపోవును. మేము నలిగిన నోట్లు, చిరిగి అతికిన నోట్లు, పాతవి, కొత్తవి అన్నియు కలిపి యొక డబ్బాలో నుంచితిమి. బజారున వచ్చునది ఆ డబ్బావంటి డబ్బే.

రెండవ యుపాయము 'ఇంకొక పది'. దుకాణదారుడు 'ముప్పై నాలుగు' అనును. ఆ 'నాలుగు' అక్కఱలేదు. 'ముప్పై' యని వినబడగానే మూడు పదులు లెక్కపెట్టి, వానిమీద ఇంకొక పది పెట్టి యీయవలెను. కూడిక రాకున్నను, తీసివేత రాకున్నను, తొమ్మిది పదుల వఱకు లెక్కపెట్టగలిగినవాడు దీనితో నూఱు రూపాయలలోపు సరుకు కొనగలడు. చిల్లర సరిగా వచ్చినదా యని చూచుట వేఱు చదువు. అందులోను చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టు ఆచారము మాకు శత్రువైనది. మావానికి చాక్లెట్టు ప్రీతి. ఆఱు రూపాయలు రావలసిన చోట ఒక చాక్లెట్టు వచ్చినను వాడు సంతోషముతో తిరిగివచ్చును. ఇప్పుడు అందఱును ఫోనుతో చెల్లించుచుండుటచే దుకాణములలో చిల్లర మఱియు తగ్గినది. మేము వీథి చివరి కిరాణా దుకాణదారుని వద్దకు పోయి సంగతి చెప్పితిమి. ఆయన మొదట తానే డబ్బు తీసికొని సరుకు సంచిలో వేసి పంపెదననెను. అది దయయే కాని మాకు కావలసినది దయ కాదని చెప్పుట కొంచెము కష్టమైనది. వెనుక నిలిచిన బేరగాండ్రు తొందరపెట్టినను, పది నోటు తరువాత పది నోటు బల్లమీద పడువఱకు ఆయన ఇప్పుడు కాచుకొనియుండును.

ఇంత చేసినను, సాయంకాలము ఇంటికి పోగానే ఇది చాలభాగము కరగిపోవుట కలదు. ఇండ్లలో ప్రేమ లేక కాదు. ఒక తల్లి నాతో నిట్లనెను: "మాస్టారూ, వాడు స్నానం చేసేసరికి అరగంట పడుతుందండీ. నేను పోస్తే రెండు నిమిషాలు. అవతల వ్యాను వచ్చేస్తుంది కదా, ఏం చెయ్యమంటారు?" ఉపాధ్యాయిని, "అరగంట ముందు లేపండమ్మా" అనెను. "నేను ఇప్పటికే నాలుగింటికి లేస్తున్నాను తల్లీ" అని యామె సమాధానము. దానికి మాకెవ్వరికిని బదులు తోచలేదు. ఆ యింట మఱి ముగ్గురు పెద్దవారు కలరు. తండ్రి వార్తాపత్రిక చదువును, అన్న వ్యాయామశాలకు పోవును, పినతండ్రి పూజలో నుండును. కుమారునికి నేర్పవలసిన పని యని మనమనుకొన్నది తుదకు ఆ యింటి మగవారికి నేర్పవలసిన పనిగ తేలినది. ఇప్పుడు స్నానపు వేళకు అన్న గుమ్మమువద్ద నిలుచుచున్నాడు. అతనిని ఒప్పించుటకు తమ్మునికి సబ్బు రుద్దుకొనుట నేర్పిన దానికంటె ఎక్కువ కాలము పట్టెను.

నలుబదియేండ్ల వానిని 'బాబు' అని పిలుచుటయు, నలుగురిలో బుగ్గ గిల్లుటయు, వాని యెదుటనే వాని సంగతులు ఇతరులతో చెప్పుటయు ఈ ప్రేమలో భాగములే. చెల్లెలి పెండ్లిచూపుల నాడు ఆ 'బాబు'ను మేనమామ యింటికి పంపివేయుదురు. మఱికొందఱు భక్తితో చూతురు. భాగవతమున జడభరతుని కథ చెప్పి, ఈతనిలోను మహాజ్ఞాని దాగియుండవచ్చునందురు. ఆ కథ నాకును ప్రియమైనదే. కాని పల్లకి మోసినవాడు జ్ఞానియని తెలిసిన పిదపనే రహూగణుడు దిగివచ్చి నమస్కరించెను. జ్ఞాని కాక ఉత్త బోయీయే యైయున్నచో వానిని తిట్టుట తగునా యని యా రాజును అడిగినవారు లేరు. మా కేంద్రమున దాగిన జ్ఞానులెవ్వరును నాకు కనబడలేదు. మనుష్యులు కనబడినారు.

స్త్రీల విషయమును మర్యాదకొఱకు దాటిపోవుట నాకు సమ్మతము కాదు. ఇది కుటుంబములలో చదువబడు పత్రిక గనుకనే చెప్పుచున్నాను. 1994లో పూనాలో ఒక ప్రభుత్వ వసతిగృహమునందలి మేధోవైకల్యము గల యువతులకు గర్భకోశములు తీయించివేసిరి. నెలసరి సమయమున శుభ్రముగ నుండలేరనుట చెప్పిన కారణములలో నొకటి. దేశమున పెద్ద యలజడి కలిగినది. నేటికిని వైద్యుల గదులలో గొంతు తగ్గించి యదే మాట యడుగు తలిదండ్రులు కలరని ఉపాధ్యాయిని చెప్పును. వారిని నిందించుట సులభము. అత్యాచారభయము, పనిభారము, సిగ్గు మూడును కలిసి వారిచే నట్లు పలికించును. కాని నెలసరి శుభ్రతను నేర్పవచ్చును. అది 31 మెట్లు కూడ కాదు. నెలసరి కాని దినములలోనే, ఎఱ్ఱరంగు నీళ్లు చిలికించిన గుడ్డతో, మార్చుట, చుట్టుట, ఏ డబ్బాలో వేయుట, చేతులు కడుగుకొనుట నేర్పుదురు. గోడమీద పంచాంగమున ఎఱ్ఱచుక్క పెట్టుకొనుట నేర్పుదురు. ఆ 46 ఏండ్ల యామె దీనిని 38వ యేట నేర్చెను. అంతవఱకు ఆమెకు ఎవ్వరును చెప్పిచూడలేదు. 2009లో చండీగఢ్ వ్యాజ్యమున, స్వల్ప మేధోవైకల్యము గల స్త్రీ యైనను ఆమె సమ్మతి లేక గర్భము తీయింపరాదని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. సమ్మతి కావలెనన్నచో 'వద్దు' అనుట వచ్చియుండవలెను. అందువలననే కేంద్రమున 'వద్దు' అనుటయు నొక పాఠము. ఉప్మా వద్దనవచ్చును, పాట వద్దనవచ్చును, బుగ్గ గిల్లు చేతిని త్రోసివేయవచ్చును. ఈ పాఠము ఇంటికి చేరినపుడు తలిదండ్రులు వచ్చి, "మీ దగ్గరికి వచ్చాక ఎదురు తిరుగుతోంది" అని ఫిర్యాదు చేయుదురు. ఉపాధ్యాయిని ఆ ఫిర్యాదును ప్రగతి పుస్తకములో వ్రాసికొనును.

అపాయము లేదా యందురు. కలదు. ఒకనికి వ్రేలు కాలినది. ఒకామె తప్పు బస్సు ఎక్కి రెండు గంటలు తరువాత దొరికినది. అమెరికాలో పెర్స్కీ యను నతడు 1972లో, సామాన్యులకు గల అపాయములలో తగుమాత్రము పాలు పొందుట కూడ మనుష్యగౌరవమే యని వ్రాసెను. ఆ వ్యాసమును చదువునపుడు తలయూపుట సులభము. రెండు గంటలు ఆ బస్సుకొఱకు వెదకిన తల్లిముందు దానిని చదివి వినిపించుటకు నేను సాహసింపను. మఱునాటినుండి ఆమె మెడలో చిరునామా, ఫోనుసంఖ్య గల బిళ్ల వ్రేలాడదీసి, బస్సు ప్రయాణము మరల రెండవ మెట్టునుండి మొదలుపెట్టిరి. తల్లి ఒప్పుకొన్నది. ఆ సంగతి మాత్రము చెప్పగలను.

ఈ తలిదండ్రులందఱి మనస్సులోను ఒకే ప్రశ్న యుండును. దానిని పూర్తిగ పలుకక, "మా తర్వాత..." అని ఆపుదురు. నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగ గల స్థానిక సంఘము పదునెనిమిదేండ్లు దాటినవారికి సంరక్షకుని నియమింపగలదు. 'నిరామయ' యను పథకమున సంవత్సరమునకు లక్ష రూపాయల వఱకు వైద్యవ్యయమునకు భీమా కలదు. వీనిని వినియోగించుకొనవలెను, పెక్కుమందికి తెలియనే తెలియవు. సంరక్షకుడు సంతకము పెట్టును. తెల్లవాఱి దంతధావనము మొదలు రాత్రి తలుపు గడియ వఱకు గల పనులను సంరక్షకుని సంతకము చేయదు.

నాకు తెలిసిన యొక విశ్రాంత ఉద్యోగికి 71 ఏండ్లు, భార్య గతించినది. కుమారునికి 34. ఆ యింట మంచినీళ్లు తెల్లవారుజామున అయిదింటికి వచ్చును. మోటారు వేసి, తొట్టి నిండగనే కట్టవలెను. కేంద్రమువారు ఆ పనిని ఇంటికి వచ్చి నేర్పినారు. మొదటి నెలలో తొట్టి పొంగి క్రింది వాటావారు తగవులాడిరి. ఆ తండ్రి ఇప్పుడు అయిదింటికి మెలకువ వచ్చినను మంచము దిగడు. మోటారు మ్రోగుట విని, అది ఆగువఱకు కన్నులు మూసికొనియే యుండును. ఎన్ని నిమిషములు మ్రోగవలయునో ఆయన లోలోపల లెక్కపెట్టుకొనుచుండును, 22 నిమిషములట.